ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్ళినాయన చెప్పిన మాటలు మనకి ఎంతవరకు పనికొస్తాయి?

సెక్టార్‌ఫోర్_అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. కొన్నేళ్ళుగా లీడ్స్‌లో ఉన్నాం, ఇప్పుడు మావారికి అదే కంపెనీలో డల్లాస్‌కి ట్రాన్స్‌ఫర్, ఎల్‌వన్ (కంపెనీ లోపల బదిలీకిచ్చే వీసా) మీద. ఈ గ్యాప్‌లో పాపని తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చాను. విషయం ఏటంటే మావారి టీమ్‌లో ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు, పుట్టింది పెరిగింది అంతా యార్క్‌షైరే, మాకంటే ముందే అటు మారిపోయి డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కూడా కొనేశాడు. అక్కడ రోజులు ఎలా గడుస్తాయి గురూ అని మావారు అడిగితే మెయిల్ కాదు, ఒక గ్రంథమే రాసి పంపాడు. అది చదివి మావారు పడీ పడీ నవ్వుతున్నారు, నాకు మాత్రం సగం భయం సగం అనుమానం.

నాకు గుర్తున్నవి చెప్తా. షాపులో రేటు చూసి డబ్బులు తీస్తే కౌంటర్ దగ్గర టాక్స్ కలిసి ఇంకో లెక్క అవుతుందట, టెక్సస్‌లో 8.25 శాతం దాకా. రెస్టారెంట్‌లో 18, 20 శాతం టిప్పు ఇవ్వకపోతే మొహం మాడ్చుకుంటారట, ఉత్త కాఫీ కప్పు చేతికిచ్చినందుక్కూడా టాబ్లెట్ స్క్రీన్ మన వైపు తిప్పి ఎంత ఇస్తావ్ అన్నట్టు చూస్తారట. కెటిల్‌లో నీళ్ళు మరిగేలోపు టీ మీద మనసు విరిగిపోతుందట, బ్రెడ్డేమో తియ్యగా ఉంటుందట. ఆఫీసు బాత్రూమ్ తలుపులకి సందులుంటాయి, బయటోడి కళ్ళూ మన కళ్ళూ కలుస్తాయి అని ఒక పేరా మొత్తం దాని మీదే రాశాడు పాపం. బార్ అర మైలు దూరంలోనే ఉంటుంది కానీ మధ్యలో ఆరు లైన్ల రోడ్డు, ఫుట్‌పాత్ ఉండదు, కారు తీయాల్సిందే. సెలవులు అడిగితే వింతగా చూస్తారు. డాక్టర్ దగ్గరికి ఒక్కసారి వెళ్తే నాలుగు చోట్ల నుంచి బిల్లులొస్తాయి. షాపు తలుపుల మీద తుపాకీతో లోపలికి రావద్దని బోర్డులు. అంత ఎండ కాస్తుంటే బట్టలు బయట ఆరేసినందుకు కాలనీ అసోసియేషన్ వాళ్ళు లెటర్ పంపారట, అది ఆయనకి బాగా తగిలినట్టుంది.

మెచ్చుకున్నవీ ఉన్నాయి. ముక్కూమొహం తెలీనోళ్ళు కూడా పలకరిస్తారు, లైబ్రరీలు బాగుంటాయి, కొన్నది నచ్చకపోతే గొడవ లేకుండా వెనక్కి తీసుకుంటారు, వేడినీళ్ళు చన్నీళ్ళు ఒకే కుళాయిలోంచి వస్తాయి (లీడ్స్‌లో మా అద్దె ఇంట్లో రెండు వేరే వేరే కుళాయిలు, ఒకదాంట్లో చెయ్యి కాలుతుంది ఇంకోదాంట్లో గడ్డకడుతుంది, ఆ బాధ నాకు తెలుసు).

ఇన్ని తిట్టి చివర్లో మాత్రం నేనింక వెనక్కి రాను అని రాశాడు! అదే నాకు అర్థం కాలేదు. ఇందులో ఆయన ఇంగ్లీషోడు కాబట్టి అలా అనిపించినవి ఏవి, మనలాంటోళ్ళకి నిజంగా తగిలేవి ఏవి? అక్కడ ఉన్నోళ్ళు, ఉండి వచ్చేసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

గాజువాక_టు_డల్లాస్:

మేడమ్, నేను ఫ్రిస్కో పక్కనే ఉంటా. ఆయన రాసినవి ఏవీ అబద్ధం కాదు గానీ ఆయన కొలబద్ద ఇంగ్లండ్ కదా, మీ దగ్గర రెండు కొలబద్దలున్నాయి.

టాక్స్ విషయం మొదటి నెల చిరాకు, మనకి ఎమ్మార్పీలో అన్నీ కలిపే ఉంటాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ చిరాకు, తర్వాత అలవాటైపోద్ది. టిప్పు వెనక మాత్రం కథ ఉంది. టిప్పులొచ్చే పనుల్లో ఉన్నోళ్ళకి ఓనరు చేతి నుంచి ఇవ్వాల్సిన కనీసం ఫెడరల్ చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లే, 1991 నుంచి అది కదల్లేదు. టిప్పులతో కలిపి 7.25కి రాకపోతే మిగతాది ఓనరు పూడ్చాలి, ఆ 7.25 కూడా 2009 నాటిదే. టెక్సస్ ఇదే పాటిస్తుంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి చోట్ల ఈ తక్కువ రేటు లేదు, పూర్తి జీతం ఇవ్వాల్సిందే. కాబట్టి కూర్చోబెట్టి వడ్డించే చోట ఎగ్గొట్టొద్దు, అది వాళ్ళ జీతం. కౌంటర్ దగ్గర టాబ్లెట్ తిప్పే చోట నో టిప్ నొక్కండి, ఎవడూ ఏమీ అనడు. ఆ ఇంగ్లీషాయనకి మొహమాటం ఎక్కువైనట్టుంది.

కెటిల్ సంగతి కరెంటుది. ఇక్కడ 120 వోల్టులు, కెటిల్ 1500 వాట్ల దగ్గర ఆగిపోద్ది, ఇంగ్లండ్‌లో 230 కాబట్టి 3000 దాకా లాగుతుంది, అందుకే అక్కడ సగం టైమ్. ఆయనకి ఇది టీ సమస్య, మీకు మాత్రం ఇది మిక్సీ సమస్య. వైజాగ్ నుంచి మామూలు మిక్సీ, గ్రైండర్ మోసుకురావద్దు, ఇక్కడ తిరగదు. 110 వోల్టులదని రాసున్నదే కొనండి, లేదంటే ఇక్కడ ఇండియన్ స్టోర్లో తీసుకోండి.

ఇంక అసలైంది హెల్త్. లీడ్స్‌లో జీపీ (అక్కడి ఏరియా డాక్టర్) దగ్గరికి వెళ్తే జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు, వీసాకి కట్టిన సర్‌చార్జితోనే అయిపోయింది. వైజాగ్‌లో ఐతే మహారాణిపేట సందుల్లో సాయంత్రం ఏ డాక్టర్ దగ్గరికైనా వెళ్ళి ఓపీ ఫీజు కట్టి, పక్క మెడికల్ షాపులో మందులు తీసుకుని రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాం. ఇక్కడ ఈ రెండూ కాదు. జీతంలోంచి నెలనెలా ప్రీమియం పోద్ది, అది పోయినా సరే డిడక్టిబుల్ అని ఒకటుంటుంది, అది 3,000 డాలర్లు అనుకోండి, ఆ 3,000 దాకా వచ్చిన బిల్లులు దాదాపు మీవే, అది దాటాక 80-20 అంటే 20 మీది, అలా అలా ఔట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్ అనే హద్దు వరకు. ఆ హద్దు దాటితే ఆ ఏడాదికి ఇన్సూరెన్సోడే పెట్టుకుంటాడు, అదీ వాళ్ళ నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్ల దగ్గరే. చాలా కంపెనీ ప్లాన్లలో జనవరి 1కి మీటర్ మళ్ళీ సున్నా. అందుకే అక్టోబరు, నవంబరులో దిగేవాళ్ళు పెద్ద ట్రీట్‌మెంట్లు ఏమైనా ఉంటే ఈ లెక్క చూసుకోవాలి. ఏడాదికోసారి మామూలు చెకప్, పిల్లల టీకాలు మాత్రం ఫ్రీ, అవి వదులుకోవద్దు.

ఆయన చెప్పిన నాలుగు బిల్లులు నిజమే. మావాడు సైకిల్ మీంచి పడితే రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం, హాస్పిటల్ బిల్లు వేరు, చూసిన డాక్టర్ది వేరు, ఎక్స్‌రే చదివినాయనది ఇంకోటి, అవన్నీ ఒకేసారి కూడా రావు, తీరిగ్గా వస్తాయి. అప్పట్నుంచి నేర్చుకున్నది ఏటంటే ప్రాణం మీదకి రాని వాటికి ఎమర్జెన్సీకి పోకూడదు, అర్జెంట్ కేర్ అని చిన్న క్లినిక్కులుంటాయి, వాటికి పోవాలి. 2022 నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అని వచ్చింది, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి డాక్టర్ చూసినా ఎక్కువ వెయ్యకూడదని, కానీ రోడ్డు మీద వెళ్ళే అంబులెన్సు అందులో లేదు. మనకేమో 108 కొడితే రూపాయి అడక్కుండా వస్తాడు.

వెనక్కి ఎందుకు రాడంటే ఇల్లు చూసుంటారు కదా, లీడ్స్‌లో ఆ డబ్బుకి వచ్చే ఇంటికి ఇది ఎన్ని రెట్లో. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ కూడా లేదు. ప్రాపర్టీ టాక్స్ మాత్రం గట్టిగా వాయిస్తారు, అది ఆయన మెయిల్లో లేదంటే మొదటి బిల్లు ఇంకా రాలేదన్నమాట.

బీచ్‌రోడ్_మురీమిక్చర్:

తలుపు సందుల గురించి పేరా రాశాడు గానీ లోపల నీళ్ళ సంగతి రాశాడా? రాయడు. ఆయనకి అది సమస్యే కాదు కదా. లీడ్స్‌లో మీరేం చేశారో ఇక్కడా అదే చెయ్యండి, ఇంటికైతే సింక్ కిందో టాంక్ పక్కనో బిగించే జెట్ స్ప్రే దొరుకుతుంది, అద్దె ఇల్లైనా ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని తీసుకుపోవచ్చు. ఆఫీసులో మాత్రం దేవుడే దిక్కు.

బ్రెడ్ తీపంటే మనోళ్ళకి పర్లేదండి, మనం టీలో ముంచుకు తినే బన్ను ఏమైనా కారంగా ఉంటుందా ఏటి.

ఉక్కునగరం_రిటైర్డ్:

అమ్మా, నేను స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయినవాణ్ణి. మా అమ్మాయి టెక్సస్‌లోనే ఉంటుంది, నేనూ మా ఆవిడా వెళ్ళి వస్తుంటాం. మీ అమ్మగారు నాన్నగారు కూడా రేపు వస్తారు కాబట్టి వాళ్ళ తరపున నాలుగు మాటలు.

ఆ ఇంగ్లండ్ ఆయన నడక గురించి రాసింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. ఉక్కునగరంలో పొద్దున్నే చెట్ల కింద నడిచి, దారిలో నలుగురితో మాట్లాడి, కూరలు పట్టుకుని ఇంటికొచ్చే అలవాటు నాది. అక్కడ కాలనీ లోపల నడవడానికి చక్కగా ఉంటుంది, కాదనను, కానీ ఎంత నడిచినా ఇళ్ళే, ఒక కొట్టు రాదు, ఒక ఆటో రాదు. ఎదురొచ్చినవాళ్ళు నవ్వి పలకరిస్తారు, నిజమే, మీ ఇంగ్లండ్ ఆయనకి అదే ఎక్కువైంది, మాకేమో పలకరించి ఆగకుండా వెళ్ళిపోతారేమిటి అని ఉండేది. రైల్లో పక్కవాడి జీతం అడిగి తెలుసుకునే ఊరి నుంచి వెళ్ళాం కదా మరి. అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకెళ్ళాక సాయంత్రం కారు వచ్చేదాకా మేం ఇంట్లో బందీలం, ఉన్నమాటే చెప్తున్నా. ఇల్లు వెతికేటప్పుడు ఎదర పార్కు, నడిచి వెళ్ళేంత దూరంలో ఒక లైబ్రరీ ఉన్న చోటు చూడండి, మీకోసం కాకపోయినా మీ వాళ్ళకోసం.

లైబ్రరీ గురించి ఆయన ఇంకా తక్కువే రాశాడు. ఆ ఊళ్ళో ఉంటున్నట్టు కాగితం చూపిస్తే కార్డు ఉచితం, పుస్తకాలు సంచెడు తెచ్చుకోవచ్చు, పిల్లలకి కథలు చెప్తారు, ఎండాకాలం సెలవుల్లో చదివే పోటీలు పెడతారు, చాలాచోట్ల ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పే క్లాసులు కూడా ఉంటాయి, మా ఆవిడ అక్కడే ఒక కొరియా ఆవిడతో స్నేహం చేసింది, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతే, అయినా గంటలు గంటలు మాట్లాడుకునేవారు.

బట్టలు ఆరేసే విషయంలో ఆయన బాధ నాకు అర్థమైంది. మా అమ్మాయి వాళ్ళ కాలనీలోనూ ఒప్పుకోరు. 100 డిగ్రీలు (ఫారన్‌హీట్ లెండి, మన 38) ఎండ వృథాగా పోతుంటే లోపల కరెంటు డ్రయ్యర్ తిప్పుతారు. విశాఖలో చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది గాని అక్కడ అంత తేమ ఉండదు, డాబా మీద ఐతే గంటలో ఆరిపోయేవి.

పెద్దవాళ్ళు వచ్చేటప్పుడు బీపీ, షుగర్ మందులు ఉండే నెలలకి సరిపడా ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోవాలి. విజిటర్ ఇన్సూరెన్సులు ముందునుంచి ఉన్న జబ్బులకి పెద్దగా పనికిరావు. పళ్ళ పనులేమైనా ఉంటే ఇక్కడే కానిచ్చేసుకుని బయల్దేరండి, మీక్కూడా చెప్తున్నా.

అనకాపల్లి_ఇన్_రీడింగ్:

అందరూ టీ, బాత్రూమ్, బట్టల దగ్గరే ఆగారు. నేను పదేళ్ళు దాటి ఇంగ్లండ్‌లో ఉన్నా, మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు, కాబట్టి రెండు వైపులా తెలుసు. ఆ ఇంగ్లీషాయన వెనక్కి రాను అని అంత తేలిగ్గా రాయగలిగింది ఎందుకంటే ఆయన ఇంగ్లండ్‌లో పుట్టాడు. అక్కయ్యా, మీకు అసలు తేడా అక్కడుంది.

ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని రూలు, ఏడాదికి మొత్తం ఉన్నవే ఒక 1,40,000, అందులో కుటుంబ సభ్యులూ లెక్కే. ఇంగ్లండ్‌లో పుట్టినోళ్ళు ఆ వాటా నిండేంతమంది అడగరు కాబట్టి ఆయనకి మనతో పోలిస్తే చకచకా అయిపోతుంది. ఇండియా లైను ఈబీ టూ, ఈబీ త్రీ అనే ఉద్యోగ కేటగిరీల్లో పదేళ్ళు ఎప్పుడో దాటేసింది. ఇంకో మెలిక ఏటంటే లెక్క పాస్‌పోర్ట్‌ది కాదు, పుట్టిన దేశానిది. మీవారు రేపు బ్రిటిష్ పౌరుడైనా సరే వైజాగ్‌లో పుడితే ఇండియా లైనే. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుడితే వాళ్ళ లైను వాడుకోవచ్చు, కానీ పాప లీడ్స్‌లో పుట్టినా పాప మీద అమ్మానాన్నలకి ఆ సౌకర్యం రాదు. ఒకే ఆఫీసు, ఒకే జీతం, ఒకే వీధిలో ఇల్లు అనుకోండి, గ్రీన్‌కార్డు వచ్చేశాక ఆయన ఉద్యోగం పోతే ఇంకోటి తీరిగ్గా వెతుక్కుంటాడు, మీరు మాత్రం 60 రోజుల గడువు పెట్టుకుని పరిగెత్తాలి. రోజువారీ జీవితం అంటే ఇదే కదండీ, ఇల్లు కొనాలా వద్దా, పాపని ఏ బళ్ళో వెయ్యాలి, అన్నీ దీన్ని బట్టే.

ఎల్‌వన్‌లో ఏ, బీ అని రెండుంటాయి, మేనేజర్లకిచ్చే ఏ అయితే గరిష్ఠం 7 ఏళ్ళు, బీ అయితే 5. గ్రీన్‌కార్డు లైనులో ఉన్నా ఎల్‌వన్ అంతకు మించి పొడిగించరు, హెచ్‌వన్‌కి ఐతే ఆ వెసులుబాటు ఉంది కానీ దానికి లాటరీ తగలాలి. ఇవి ఇప్పుడే కంపెనీ లాయర్‌ని అడగండి, గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలెడతారో మెయిల్లో రాయించుకోండి.

ఇంకొకటి, ఇంగ్లండ్‌లో మీరు ఎక్కడిదాకా వచ్చారు? ఐఎల్‌ఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చాక వరసగా 2 ఏళ్ళు బయట ఉంటే పోతుంది. ఇంకా రాకపోతే 12 నెలల్లో 180 రోజులు దాటి బయట ఉంటే అప్పటిదాకా లెక్కపెట్టుకున్న ఏళ్ళు తెగిపోతాయి. బ్రిటిష్ పాస్‌పోర్ట్ చేతిలో ఉంటే వేరే మాట. ఈ రూల్స్ మార్చే మాటలు కూడా నడుస్తున్నాయి కాబట్టి విమానం ఎక్కే ముందే సరిచూసుకోండి.

సెలవుల గురించి ఆయన బాధ నిజమే. ఇంగ్లండ్‌లో ఫుల్‌టైమ్ అయితే బ్యాంక్ హాలిడేస్‌తో కలిపి 28 రోజులు చట్టమే ఇప్పిస్తుంది. అమెరికాలో జీతంతో సెలవు ఇవ్వాలని ఫెడరల్ చట్టమే లేదు, కంపెనీ దయ. ప్రసవం సెలవు ఇంగ్లండ్‌లో 52 వారాలు, అందులో 39కి ఎంతో కొంత డబ్బులొస్తాయి, మన దగ్గర 2017 నుంచి 26 వారాలు పూర్తి జీతంతో. అమెరికాలో 1993 చట్టం ఇచ్చేది 12 వారాలు, జీతం లేకుండా, అదీ కనీసం 50 మంది ఉన్న కంపెనీలో ఏడాది చేసుంటేనే. మీకు ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే (వ్యక్తిగతం, ఏమనుకోకండి) ఇది మెయిల్లోని అన్నిటికంటే పెద్దది.

మీకు కలిసొచ్చేదీ చెప్పాలి. ఎల్‌వన్ వాళ్ళ భార్యకి 2021 నవంబరు నుంచి వేరే పర్మిట్ కోసం ఆగకుండా ఉద్యోగం చేసుకునే వీలుంది. హెచ్‌వన్ మీద వెళ్ళినోళ్ళ భార్యలు చాలామంది ఇంట్లో కూర్చుంటున్నారు.

సెక్టార్‌ఫోర్_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్ అండీ. రీడింగ్ తమ్ముడూ, నువ్వు రాసింది మావారికి ఫార్వర్డ్ చేశా, నవ్వడం ఆపేశారు. మాకు ఐఎల్‌ఆర్ వచ్చింది, పాస్‌పోర్ట్‌కి ఇంకా అప్లై చెయ్యలేదు. అది అయ్యాక కదులుదామా అని ఇప్పుడు ఇంట్లో చర్చ, ఆఫీసోళ్ళు జాయినింగ్ డేట్ జరుపుతారో లేదో చూడాలి. ఎల్‌వన్ బీ అట, అది కూడా ఇవాళే అడిగి తెలుసుకున్నాం!

గాజువాక గారూ, మిక్సీ మాట ముందే చెప్పి బతికించారు, అమ్మ నిన్ననే డబ్బా దింపించి ప్యాకింగ్ మొదలెట్టింది.

ఇంకొక్కటి. పాపకి ఎనిమిదేళ్ళు, రెండో క్లాసో మూడో క్లాసో వేస్తారు. బడి గురించి, ఆ తుపాకుల బోర్డుల గురించి ఎవరైనా ఆడవాళ్ళు చెప్పగలరా.

ప్లేనో_అక్క:

చెప్తానమ్మా, మా ఇద్దరూ ఇక్కడ గవర్నమెంట్ బళ్ళోనే చదువుతున్నారు. క్లాసు వయసుని బట్టి వేస్తారు, సెప్టెంబరు 1 నాటికి ఎన్నేళ్ళు అని చూస్తారు. బడి మీ అడ్రస్‌ని బట్టి వస్తుంది కాబట్టి అపార్ట్‌మెంట్ తీసుకునే ముందే అది ఏ బడి కిందకి వస్తుందో చూసుకో. ఫీజు ఉండదు.

మీరు వైజాగ్‌లో ఉన్నారు కాబట్టి ఈ వారమే చెయ్యాల్సింది టీకాలు. టెక్సస్‌లో బళ్ళో చేర్చాలంటే చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఏ కూడా అడుగుతారు, ఇంగ్లండ్‌లో చికెన్‌పాక్స్‌ది 2026 జనవరి ముందు దాకా మామూలుగా పిల్లలందరికీ వేసేవారు కాదు, హెపటైటిస్ ఏ ఇప్పటికీ అందరికీ వెయ్యరు, మన గవర్నమెంట్ లిస్టులోనూ ఈ రెండూ ఉండవు, కాబట్టి పాపకి పడి ఉండకపోవచ్చు. అక్కడే పిల్లల డాక్టర్‌కి రికార్డు చూపించి వేయించేసి, సంతకం, స్టాంపుతో కాగితం తెచ్చుకో. తేదీల్లో నెల పేరు అక్షరాల్లో రాయించు, ఇక్కడ నెల ముందు రోజు తర్వాత, 05/08 అని ఉంటే మే 8 అనుకుంటారు.

జెండా ప్రమాణం రోజూ ఉంటుంది, అమెరికా జెండాకి ఒకటి, టెక్సస్‌కి ఒకటి, తర్వాత ఒక నిమిషం మౌనం. మన బళ్ళో ప్రతిజ్ఞ చెప్పి పెరిగినోళ్ళకి ఇందులో వింతేముంది, ఇంగ్లీషాయనకి కొత్త గానీ. ఇష్టం లేకపోతే పిల్లల చేత బలవంతంగా చెప్పించకూడదని 1943లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇక్కడ ఐతే అమ్మానాన్న రాసిస్తే సరిపోతుంది.

బోర్డుల గురించి భయపడడంలో తప్పు లేదు, నేను కూడా భయపడ్డాను, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. స్కాట్లండ్‌లో 1996లో డన్‌బ్లేన్ బడిలో జరిగిన కాల్పుల ఘోరం తర్వాత బ్రిటన్‌లో చేతి తుపాకులు దాదాపు నిషేధించేశారు, ఇక్కడ 2021 నుంచి 21 ఏళ్ళు దాటినోళ్ళు చాలామంది లైసెన్సు కూడా లేకుండా వెంట పెట్టుకు తిరగొచ్చు. షాపు ఓనరు వద్దనుకుంటేనే ఆ బోర్డు పెడతాడు, అంటే బోర్డు ఉన్న చోటు కాదు, లేని చోటు చూసుకోవాలి. బడిలో లాక్‌డౌన్ డ్రిల్ (తుపాకీతో ఎవరైనా చొరబడితే ఏం చెయ్యాలో సాధన చేయించడం) ఉంటుంది, పిల్లలు లైట్లు ఆర్పి మూలకి చేరి నిశ్శబ్దంగా కూర్చుంటారు. మా చిన్నది మొదటిసారి ఇంటికొచ్చి దాగుడుమూతలు ఆడాం అని చెప్పింది, నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. దీనికి నా దగ్గర ఓదార్పు మాట ఏమీ లేదమ్మా, ఎవరైనా అలవాటైపోద్ది అంటే నమ్మకు.

రోడ్డు మీద స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వేసి ఆగితే వెనకోళ్ళే కాదు, మధ్యలో డివైడర్ లేకపోతే ఎదురొచ్చేవాళ్ళూ ఆగాలి, ఇది మావారికి మొదట్లో ఎవరూ చెప్పలేదు, మీవారికి చెప్పు. కొత్తగా వచ్చినోళ్ళు 90 రోజుల్లో టెక్సస్ లైసెన్సు తీసుకోవాలి, ఇంగ్లండ్ లైసెన్సు ఉన్నా టెస్టులు రాయాల్సిందే అనుకుని ప్రిపేర్ అవ్వమను.

ఇంకోటి, డల్లాస్‌లో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి పెద్ద సైరన్ మోగుతుంది, టోర్నడో సైరన్ టెస్టింగ్ అది. మనం హుద్‌హుద్ చూసినోళ్ళం, తుపానుకి రోజుల ముందే పేరు పెట్టి మరీ చెప్తారు, సరుకులు తెచ్చుకోవచ్చు. టోర్నడోకి కొన్ని నిమిషాలే ఉంటాయి. ఇల్లు చూసేటప్పుడు కింది అంతస్తులో కిటికీల్లేని బాత్రూమో పెద్ద అల్మరా గదో ఉందా చూసుకో, ఫోన్‌లో అలర్ట్స్ ఆన్‌లో ఉంచు. మొదటి బుధవారం పాప ఇంట్లో ఉంటే ముందే చెప్పి ఉంచు, లేకపోతే హడలిపోతుంది.

పాస్‌పోర్ట్ సంగతి తేలాక మెసేజ్ పెట్టు, మా పక్క అపార్ట్‌మెంట్లలో ఖాళీలుంటే ఫొటోలు పంపుతా.